కంట్లోకి సూది, కోడిగుడ్డుకు కిటికీ: మీకు తెలుసా?

మన కంటికి ముందు మూతలా ఉండే కార్నియాలో రక్తనాళం ఒక్కటి కూడా లేదు! ఒంట్లో గోరంత చోటు దొరికినా నెత్తురు గొట్టాలు చొరబడతాయే, మరి ఇక్కడికి ఎందుకు రావు? ‘వీఈజీఎఫ్’ అనే ప్రోటీన్ నాళాలను పెరగమని పిలుస్తుంది. దాన్ని పట్టుకుని కట్టిపడేసే ఇంకో ప్రోటీన్‌ను కార్నియా సొంతంగా తయారు చేసుకుంటుంది. అంటే ఇప్పుడు ఆసుపత్రుల్లో వేలకు వేలు పోసి కంట్లో పొడిపించుకునే మందు లాంటిది మనకు పుట్టుకతోనే ఉంది!

ఈ కాపలా ప్రోటీన్ ఏనుగుకు ఉంది, మనకు ఉంది, తిమింగలానికీ ఉంది. లేనిది ఎవరికో చెప్పండి చూద్దాం! మానాటీకి. అమెరికా వైపు వెచ్చని నీళ్లలో గడ్డి మేస్తూ తిరిగే సముద్రపు ఆవు అది. దాని కార్నియా నిండా రక్తనాళాలే. ఎందుకంటే ఆ కాపలా ప్రోటీన్ దాని కార్నియాలో లేదు. దానికి దగ్గరి చుట్టమైన దుగాంగ్ మన తమిళనాడు తీరంలోనే ఉంటుంది. దాని కార్నియా మాత్రం శుభ్రంగా ఉంటుంది!

ఈ గుట్టు విప్పి 2006లో ‘నేచర్’ పత్రికలో రాసినవారిలో ముందు పేరూ చివరి పేరూ అన్నదమ్ములవే: బాలమురళి అంబటి, జయకృష్ణ అంబటి. బాలమురళి పుట్టింది మన వేలూరులో. 1995లో పదిహేడేళ్లకే డాక్టరై గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. పదిహేడేళ్లకు మనం ఏం చేస్తున్నామో ఇప్పుడు గుర్తు చేసుకోవద్దులెండి!

వీఈజీఎఫ్ శత్రువు అనుకుంటున్నారా? అది లేకపోతే మనం పుట్టేవాళ్లమే కాదు! తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు జన్యువుల్లో ఒక్కటి తీసేసినా ఎలుకపిల్ల కడుపులోనే పదకొండు, పన్నెండో రోజున చనిపోయిందని 1996లో రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి.

ఈ ప్రోటీన్ రక్తనాళాల గోడలను కారేలా చేయడంలో హిస్టమిన్ కంటే సుమారు 50,000 రెట్లు ఘాటైనది! దోమ కుట్టినచోట దద్దురు లేపేది ఆ హిస్టమినే. అలాంటిదానికి యాభై వేల రెట్లు అంటే కంటి లోపలి తెర రెటీనాలో నీరు చేరి చూపు మసకబారడంలో వింతేముంది? 1983లో అమెరికాలో సెంగర్, ద్వొరాక్ గినీపందుల కణితుల్లో దీన్ని మొదట పట్టింది కూడా ఈ కారించే గుణం వల్లే.

1989లో దీన్ని విడదీసి ‘వీఈజీఎఫ్’ అని పేరు పెట్టిన నపోలియోన్ ఫెరారా వాడినది ఆవు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కణాలను! కంటి మందు కథకు ఆవు తల దగ్గర బీజం పడిందన్నమాట. రెటీనాలో ఇలాంటి పదార్థం ఏదో ఉండి తీరాలని 1948లోనే మైకెల్సన్ అనే కంటి డాక్టరు ఊహించాడు. ఊహకీ చేతికి చిక్కడానికీ మధ్య 41 ఏళ్లు.

కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపితే కణితి ఎండిపోతుందని 1971లో చెప్పినవాడు కంటి డాక్టరు కాదు, బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో కత్తి పట్టే సర్జన్ జుడా ఫోక్‌మన్. అదే ఆసుపత్రిలో 1940ల చివర సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు పిల్లలకు ఇచ్చి చూసిన అమినాప్టెరిన్ మందు వెనక ఉన్నది ఎవరనుకున్నారు? భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావే!

నాళాలు పెరుగుతున్నాయో ఆగుతున్నాయో చూడటానికి ఫోక్‌మన్ బృందం ఎంచుకున్న పరీక్ష చోటు కుందేలు కన్ను! పుట్టుకతో నాళాలే లేని చోటు కాబట్టి, కార్నియాలో చిన్న కణితి ముక్క పెడితే దానివైపు పాకి వచ్చే ప్రతి నాళమూ కొత్తదే. లెక్క తప్పే పనే లేదు.

కుందేలు కన్నా చవకైన ప్రయోగశాల ఇంకోటి ఉంది: కోడిగుడ్డు! పొదిగిన గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపలి పొర మీద మందు చుక్క వేసి, పైన టేపు అంటించి మళ్లీ వెచ్చని పెట్టెలో పెడతారు. రెండు మూడు రోజులకు తెరిస్తే, మందు పనిచేసినచోట ఎర్రటి గీతలు లేకుండా పొర తెల్లగా కనిపిస్తుంది. కోడిపిల్లకు పొదుగుడు మొత్తం 21 రోజులే. కాబట్టి పరిశోధకుడు తొందర పడాల్సిందే! ఆమ్లెట్ వేసేటప్పుడు మనకిది ఎప్పుడైనా తట్టిందా?

చారల చేప పిల్లల నాళాలు ఆకుపచ్చగా వెలుగుతాయి, నిజంగానే! 2002లో శాస్త్రవేత్తలు వాటికి వెలుగునిచ్చే జన్యువును జోడించారు. ఒళ్లంతా పారదర్శకమైన ఆ పిల్ల చేపను నీళ్లలో ఉండగానే సూక్ష్మదర్శిని కింద పెట్టి, మందు వేశాక ఏ నాళం ఆగిందో నేరుగా చూడొచ్చు. ఆ చేప అసలు ఊరు మన దేశపు వాగులే.

1960 ప్రాంతంలో వేలాది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టడానికి కారణమైన థాలిడోమైడ్‌ను కంట్లో కొత్త నాళాలు మొలిచే జబ్బుకు కూడా వాడి చూశారు! అది కొత్త నాళాలను ఆపుతుందని 1994లో ఫోక్‌మన్ ప్రయోగశాలలోనే తేలింది, అదీ కుందేలు కంటిలోనే. గర్భంలో చేసిన కీడు కంట్లో మేలవుతుందేమోనని ఆశ. ఆ ఆశ నెరవేరలేదు.

సొరచేప కూడా ఓడిపోయింది! 1993లో ఒక చిన్న సొరచేప కణజాలంలో దొరికిన స్క్వాలమైన్‌ను ముందు సూదిమందుగా, తర్వాత చుక్కలుగా మనుషుల మీద పరీక్షించారు. 2018లో చివరి అంచె పరీక్షలో చుక్కల మందు చతికిలబడింది. సూది లేకుండా చుక్కలతో తేలిపోతుందని ఎదురుచూసినవాళ్లకు నిరాశే. ఆ చుక్కలు గెలిచి ఉంటే నేను ఈ రాతలో సగం రాసేవాణ్ణే కాదు.

ఇప్పుడు వాడే మందుల పుట్టిల్లు చెబితే నవ్వుతారు. బెవాసిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ రెండూ ఓ చైనా హ్యామ్‌స్టర్ అండాశయం నుంచి 1957లో తీసిన కణాల సంతానంలో తయారవుతాయి! ఆ ఎలుక జాతి బుజ్జి జంతువు పోయి ఎన్నో దశాబ్దాలైంది, దాని కణాలు మాత్రం తొట్లలో ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. రానిబిజుమాబ్‌ను తయారు చేసేది మాత్రం మన పేగుల్లో కాపురముండే ఈ.కొలై బాక్టీరియా!

కంట్లో వేసే మందు ఎంత? 0.05 మిల్లీలీటర్లు! అంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు, ఒక్క చుక్క. లోపలికి పోయిన వారం పది రోజుల్లో ఆ చుక్కలోని మందు సగమైపోతుంది. నెల తిరిగేసరికి ‘మళ్లీ రండి’ అని డాక్టరు పిలిచేది అందుకే.

కంట్లో సూది అనగానే గుండె జారిందా? ఆ సూది మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు! ముందు మొద్దుబార్చే చుక్కలు, తర్వాత గోధుమరంగు బెటాడిన్, రెప్పలు మూయకుండా చిన్న క్లిప్పు. నల్లగుడ్డు అంచు నుంచి సరిగ్గా మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లు కొలబద్దతో కొలిచి తెల్లగుడ్డులో గుచ్చుతారు. అంతకు ముందైతే లెన్సు తగలొచ్చు, వెనకైతే రెటీనా తగలొచ్చు. నాలుగైదు సెకన్ల పని. ఆ రోజంతా కంటి ముందు నల్లని బుడగ ఆడుతుంటే భయపడొద్దు, మందుతో పాటు దూరిన గాలి అది.

పేగు కేన్సరుకని 2004లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్న అవాస్టిన్ (అదే బెవాసిజుమాబ్) 2005లో మయామీలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే డాక్టరు చేతుల మీదుగా కంట్లోకి వెళ్లింది! నాలుగు మిల్లీలీటర్ల సీసాను చుక్కలుగా లెక్కేస్తే 80 కళ్లకు సరిపోతుంది, కాగితం మీద. కేన్సరు రోగికి ఒక్కరికే ఒక్కసారికి ఇలాంటి సీసాలు రెండు మూడు పట్టొచ్చు.

కంటి కోసమే తయారైన లూసెంటిస్ (అదే రానిబిజుమాబ్) ధర 2011 ప్రాంతంలో అమెరికాలో డోసుకు సుమారు 2,000 డాలర్లు, అవాస్టిన్ చుక్కది సుమారు 50 డాలర్లు ఉండేది. నలభై రెట్లు తేడా! రెంటిలో ఏది మేలో తేల్చాలంటే కంపెనీలకు ఏం పని? అమెరికా ప్రభుత్వమే డబ్బు పెట్టి దాదాపు 1,200 మంది మీద పోటీ పెట్టింది. 2011లో ఫలితం వచ్చింది: చూపు విషయంలో రెండూ సమానం. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో కంటి మందుగా చేర్చింది దేన్నో ఊహించండి. చవకదాన్నే!

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నచ్చిన వింత ఇది. మందు పరీక్షల్లో ఒక గుంపుకు సూది లేని సిరంజితో ‘ఇంజెక్షన్’ చేస్తారు! మారీనా అనే పేరున్న పరీక్షలో 716 మంది పాల్గొన్నారు. వారిలో మూడో వంతు మందికి కన్ను మొద్దుబార్చి, క్లిప్పు పెట్టి, అంతా మామూలుగానే చేసి, చివర సూది లేని సిరంజి మొనను కంటి మీద నొక్కి తీసేశారు. అదీ నెలనెలా! పొడిచారో లేదో తెలియక, చూపు మెరుగైందని మనసు తనను తాను నమ్మించుకోకుండా ఉండటానికి ఈ నాటకం. ఏడాది చివర చూస్తే పదిహేను అక్షరాలు, ఆపైన ఎక్కువ చదవగలిగినవారు పెద్ద డోసు మందు గుంపులో ముగ్గురిలో ఒకరు, ఉత్త సిరంజి గుంపులో ఇరవై మందిలో ఒకరు. అంటే మందు లేకుండానే మెరుగైనవారూ కొందరున్నారు. ఆ కొందరిని పక్కకు తీసి చూడటానికే ఇంత తతంగం!

పదిహేను అక్షరాలు అంటే పట్టికలో మూడు వరుసలు, వరుసకు ఐదు అక్షరాల లెక్కన. ఈ పరీక్షల పట్టికలో 26 ఇంగ్లీషు అక్షరాలు ఉండవు, పదే ఉంటాయి. చదవడానికి ఒకదానికన్నా ఒకటి మరీ సులువు కాకుండా ఏరిన పది. మరి ఇంగ్లీషు రాని అవ్వ సంగతి? ఒక్క ‘ఈ’ అక్షరాన్నే పైకీ కిందికీ పక్కకీ తిప్పి చూపిస్తారు. మూడు కాళ్లు ఎటున్నాయో వేలితో చూపితే చాలు!

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. చెన్నై నుంచి గూడూరు పోయే రైలు దారిలో, గుమ్మిడిపూండి దాటగానే వచ్చే ఎలవూరు తిరువళ్లూరు జిల్లాది. చెన్నై శంకర నేత్రాలయ బృందం కాంచీపురం, తిరువళ్లూరు జిల్లాల ఇలాంటి పల్లెల్లో నలభై దాటిన 13,000 పైచిలుకు మందిని పరీక్షించింది. ప్రతి పదిమందిలో ఒకరికి షుగరు, షుగరున్న ప్రతి పదిమందిలో ఒకరికి రెటీనాలో షుగరు దెబ్బ! అదే బృందం చెన్నై నగరంలో చూస్తే షుగరున్నవారిలో రెటీనా దెబ్బతిన్నవారు 18 శాతం. పల్లె గాలికి ఈ మాత్రం మార్కులు వేయాల్సిందే.

షుగరు ముదిరినప్పుడు రెటీనాలో పుట్టే కొత్త నాళాలు ఆకలికి పుట్టేవి! పాత నాళాలు మూసుకుపోయి ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్‌తో అరుస్తుంది. తొందరలో మొలిచిన నాళాలు నాసిరకానివి, చిట్లిపోతాయి. నొప్పి ఉండదు, అదే అసలు చిక్కు.

పరీక్షలంటే తిరువళ్లూరుకు కొత్తేమీ కాదు! క్షయకు వేసే బీసీజీ టీకా పనిచేస్తుందా లేదా అని 1968లో ప్రపంచంలోకెల్లా పెద్ద పరీక్షల్లో ఒకటి మొదలైంది ఇక్కడే. అప్పట్లో ఇది చెంగల్పట్టు జిల్లా. 209 గ్రామాలు, 9 పట్టణాలు, సుమారు 3,60,000 జనం! కొందరికి టీకా, కొందరికి ఉత్త మందు. ఏది ఎవరికో వేసినవాళ్లకూ తెలియదు. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేకపోయిందన్న ఫలితం ప్రపంచాన్నే తెల్లబోయేలా చేసింది. ఇవాళ కంటి మందుల పరీక్షల్లో వాడే పద్ధతి అదే. మన తాతలు అప్పుడే చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడ్డారు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లోదే! సరిహద్దు సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, ఇళ్లలో తెలుగు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. కాబట్టి ఈ ఊళ్లవాళ్లు చెన్నైలో ఏ మందు పరీక్షలో చేరినా సమ్మతి పత్రం తమకు అర్థమయ్యే భాషలోనే అడగొచ్చు, అది హక్కు. వేలిముద్ర వేసేవారి పక్కన ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఉండాలి. నడుమలో వద్దనుకుంటే కారణం చెప్పకుండానే బయటికి వచ్చేయొచ్చు.

దేశంలో జరిగే ఇలాంటి ప్రతి పరీక్షా 2009 జూన్ నుంచి ప్రభుత్వ పట్టికలో ముందే నమోదు కావాలి. ఆ పట్టికను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు!

ఈ కంటి సూదులు వేయించుకునే రోగుల్లో అందరికన్నా చిన్నవాళ్లు ఎవరో తెలుసా? ఇంకా కడుపులోనే ఉండాల్సిన పసికందులు! రెటీనా నాళాలు గర్భంలో పదహారో వారం దగ్గర బయలుదేరి తొమ్మిదో నెల నిండేదాకా అంచుకు చేరవు. నెలలు నిండకుండా పుడితే దారి మధ్యలో ఆగి, తర్వాత అడ్డదిడ్డంగా పెరుగుతాయి. 2019లో వెలువడిన రెయిన్‌బో పరీక్షలో 26 దేశాల నుంచి కిలోన్నర కన్నా తక్కువ బరువుతో పుట్టిన 225 మంది ఉన్నారు. వాళ్లకు వేసిన పెద్ద డోసు 0.2 మిల్లీగ్రాములు, పెద్దవాళ్ల డోసులో సగం కూడా కాదు.

ఈ జబ్బుకు ఒకప్పుడు కారణం అతి ప్రేమ! 1940లు, 50ల్లో ఇంక్యుబేటర్లలో ఆక్సిజన్ ధారాళంగా పెట్టడంతో దాదాపు 10,000 మంది పసివాళ్లు చూపు పోగొట్టుకున్నారు. గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయింది ఇలాగే. ఆక్సిజన్‌దే తప్పని 1951లో గట్టిగా చెప్పింది మెల్‌బోర్న్ డాక్టరమ్మ కేట్ క్యాంప్‌బెల్.

ముప్పై రోజులు! నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కళ్లు చూపించడానికి మన దేశంలో గడువు అంతే. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 1990ల చివర్లోనే జంట నగరాల పసిపిల్లల వార్డులకు తామే వెళ్లి కళ్లు చూడటం మొదలుపెట్టారు. బిడ్డ ఆసుపత్రికి రావడం కాదు, డాక్టరే బిడ్డ దగ్గరికి!

ఆ ఆసుపత్రికి పేరిచ్చిన సినిమా దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ హిందీ, తమిళం, తెలుగు మూడు భాషల తొలి టాకీల్లోనూ నటించారు! డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఆ సంస్థకు ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ప్రసాదే ఇచ్చారు.

చెన్నై ఎగ్మోర్ కంటి ఆసుపత్రి పుట్టింది 1819లో! ప్రపంచంలో అతి పాత కంటి ఆసుపత్రుల్లో ఒకటి. అప్పటికి మత్తు సూది లేదు, రెటీనాను చూసే పరికరమూ లేదు. ధైర్యమే మత్తు.

రానిబిజుమాబ్‌కు ప్రపంచంలోనే మొట్టమొదటి సాటి మందు (బయోసిమిలర్) మన దేశంలో, 2015లో, అహ్మదాబాద్ ఇంటాస్ కంపెనీ నుంచి వచ్చింది! బెవాసిజుమాబ్‌కు సాటి మందులు హైదరాబాద్ కంపెనీలు హెటిరో, డాక్టర్ రెడ్డీస్ కూడా చేస్తున్నాయి.

బియ్యపు గింజంత మందుపెట్టెను కంటి గోడలో కుట్టేసి ఆరు నెలలకోసారి నింపే పద్ధతికి అమెరికా 2021లో ఒప్పుకుంది. దాదాపు ఏడాదికి కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది, మూత సరిగా నిలవలేదని. సరిచేసి 2024లో మళ్లీ తెచ్చింది.

ఈ మందులు రాకముందు, 2000 నుంచి వాడిన ఇంకో వైద్యంలో మందు చేతి నరంలోకి, లేజరు కంట్లోకి! తర్వాత ఐదు రోజులు ఎండ తగలకూడదు, ఒంట్లో మిగిలిన మందు వెలుతురుకు చర్మాన్ని కాల్చేస్తుంది. ఏప్రిల్‌లో తిరుత్తణి గుడి మెట్లెక్కేవాళ్లకు ఈ వైద్యం ఎలా చెప్పేది?

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి మీరు ఇప్పుడే చేసుకోవచ్చు. స్విస్ డాక్టరు ఆమ్‌స్లర్ గీసిన పది సెంటీమీటర్ల చదరంలో 400 గళ్లు ఉంటాయి. ఒక కన్ను మూసి నడిమి చుక్కను చూస్తే గీతలు వంకరగా కనిపించకూడదు. కాగితం లేదా? కిటికీ ఊచలు చూడండి. వంగినట్టు తోస్తే, వడ్రంగిని కాదు, కంటి డాక్టరును పిలవండి!

రెటీనా నాళాలు కారుతున్నాయో లేదో ఫొటో తీసే పద్ధతిని కనిపెట్టింది ఇద్దరు వైద్య విద్యార్థులు, నొవాట్నీ, ఆల్విస్! రంగును ఆల్విస్‌కే ఎక్కించి తీసిన ఫొటోలతో వాళ్లు రాసిన వ్యాసం 1961లో గుండె వైద్యుల పత్రికలో అచ్చయింది. ఈనాటికీ ఆ పరీక్ష చేసేటప్పుడు చేతి నరంలోకి ఎక్కించేది అదే పసుపు రంగు మందు. ఆ పూట ఒళ్లు కాస్త పసుపు పచ్చగా కనిపిస్తుంది, మర్నాటి దాకా మూత్రమూ పచ్చగానే వస్తుంది. అవి కామెర్లు కావు బాబూ, ఆకు పసరు మందు కోసం పరుగెత్తకండి!